అక్షరం పడ్డ రాయి

జగదేవ్‌పూర్‌లో చావు ఖర్చుల గురించి అడిగితే ముందు వైకుంఠధామం, అంటే ఊరి శ్మశానం, చూపిస్తారు. 2019లో పల్లె ప్రగతి మొదలయ్యాక ఊరూరా కట్టిన వాటిలో ఇదొకటి. జాగా పంచాయతీది కాబట్టి అక్కడ అమ్మేదీ కొనేదీ ఏమీ ఉండదు. కట్టెలకు, డప్పులకు, బొంద తీసే జేసీబీకి మాత్రం డబ్బులు పోతాయి. బేరం చూడాలంటే గజ్వేల్ దారిలో ఉన్న రాళ్ల షెడ్డుకు వెళ్లాల్సిందే.

సమాధి రాళ్లనే నమ్ముకుంటే పూట గడవదన్నాడు షెడ్డు యజమాని. అతనికి కూడు పెట్టేవి గడపలు, వంటింటి బండలు. వాటిలో ఒకరు వద్దన్నది ఇంకొకరు కొంటారు. సమాధి రాయికి ఆ వెసులుబాటు లేదు.

"పేరు పడ్డదంటే అది ఇగ ఒక్క ఇంటిదే సారు. వాళ్లు రాకపోతే నా నెత్తి మీదనే" అంటూ గోడకు ఆనించిన రెండు పలకలు చూపించాడు. అందుకే సగం పైకం చేతిలో పడనిదే మిషన్ వెయ్యడు. ఎవరూ తీసుకుపోని పలకను వెనక్కి తిప్పి, రెండోవైపు పాలిష్ పట్టి వాడుకోవాలి. పాలిష్ కూలి దండగ.

పని చూస్తూ నిలబడ్డాను. నల్ల గ్రానైట్ మీద రేడియం స్టిక్కర్ అంటించి, అక్షరాల మేరకు ఒలిచేసి, ఇసుక కొడతారు. 'ర' నడుమ మిగిలే చిన్న బిళ్ల లేచిపోయిందంటే అక్షరం కాస్తా గుంట అవుతుంది. అందుకే పనిచేసే కుర్రాడు దాన్ని బొటనవేలితో రెండుసార్లు అదిమాడు. ఫోటో చెక్కడానికి చీమకుర్తి గెలాక్సీ రాయి పనికిరాదట. దేశదేశాలకు ఎగుమతయ్యే ఆ రాయిలోని మెరుపు చుక్కలు ఇక్కడ మనిషి ముఖం మీద మచ్చల్లా పడతాయి. పుట్టిన తేదీ ఆధార్ చూసి రాస్తారు. పాతతరం వాళ్లలో జనవరి 1న పుట్టినవాళ్లే ఎక్కువ!

అంత్యక్రియల సేవలకు జీఎస్టీ లేదు. 2017 చట్టం మూడో షెడ్యూల్ వాటిని పన్ను పరిధి నుంచే తప్పించింది. పాలిష్ పట్టిన గ్రానైట్ పలకకు మాత్రం 18 శాతం. గడపకైనా గోరీకైనా అదే రేటు. బిల్లు మాటెత్తగానే వచ్చినవాళ్లు "ఎందుకులే" అంటారట. ఈ పన్నులో న్యాయం నాకైతే కనిపించలేదు.

దినాల లోపే రాయి కావాలనేవాళ్లు తక్కువ. చాలామంది సంవత్సరీకానికి చేయించుకుంటారు. రైతు చనిపోయిన ఇల్లయితే రైతుబీమా 5 లక్షలు ముట్టాకే వస్తారు. ఆ డబ్బులో ముందు అప్పులు తీరాలి, రాయి వంతు ఆ తర్వాతే.

ఈమధ్య ఇంకో రకం పని తగులుతోంది. రీజినల్ రింగు రోడ్డు మాట మొదలయ్యాక ఈ చుట్టుపక్కల భూముల ధరలు లేచాయి. పొలం గట్టున తాత సమాధి ఉంటే కొనేవాడు వెనకాడతాడు, లేదా ఆ నాలుగు గజాలు వదిలేసి కాగితం రాయించుకుంటాడు. కొందరు రాయి పీకించి వైకుంఠధామం పక్కన నిలబెట్టిస్తున్నారు. దానికి ట్రాక్టర్ కిరాయి, ఇద్దరు కూలీలు, కొంచెం సిమెంటు. కొత్త రాయికి గంటసేపు గీసి గీసి బేరమాడేవాళ్లు దీనికి మారుమాట లేకుండా ఇచ్చేస్తారట. "రిజిస్ట్రేషన్ తారీకు దగ్గర పడ్డంక ఎవరు బేరమాడుతరు సారు?" అన్నాడు షెడ్డు యజమాని.