కురిడీ కొబ్బరి

గత సంక్రాంతికి కోనసీమలోని స్వగ్రామంలో హోమం జరిపించవలసి, భోగికి ముందురోజు ఉదయం శంషాబాదు విమానాశ్రయానికి చేరాను. పొగమంచు వల్ల రాజమహేంద్రవరం విమానం 2 గంటలు ఆలస్యమన్నారు. పండుగకు ఇళ్లకు బయలుదేరిన జనం, పసిపిల్లల రోదనం, గద్దింపులు. నేను మాత్రం జపమాల తీసి ప్రశాంతంగా కూర్చున్నాను. ఆ ప్రశాంతతను చూచి నాలో నేనే మురిసిపోయిన మాట సత్యం.

అంతలో నన్ను పిలిపించారు. పూర్ణాహుతికై పెట్టెలో భద్రపరచిన కురిడీలను తీసివేయాలన్నది తనిఖీ ఉద్యోగిని. ఎండుకొబ్బరిలోని తైలం కారణంగా అది తనంతట తానే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదముందని, అందుచేత విమానంలో నిషిద్ధమని వినయంగానే చెప్పింది.

"హోమద్రవ్యమమ్మా ఇది! నీకేం తెలుసు?" అని నలుగురూ వినేట్టు కసిరాను.

ఆమె తల వంచుకున్నది. నా కుమార్తె ఈడు పిల్ల.

భగవద్గీత 16వ అధ్యాయంలో అక్రోధం, భూతదయ ఒకే శ్లోకంలో ఉన్నాయని 30 ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి. ఎవరూ అడ్డురానంతసేపే నా జపం నిలిచింది. పైగా కొబ్బరికి పుట్టినిల్లయిన కోనసీమకు హైదరాబాదు నుండి కొబ్బరి మోసుకుపోతున్నాను!

"తప్పు నాదే తల్లీ, మన్నించు" అన్నాను.

"అయ్యో, పెద్దవారు, అంత మాటెందుకు స్వామీ" అన్నది.

పండుగకు ఇంటికి వెళ్తున్నావా అని అడిగాను. సెలవు దొరకలేదట. ఊరిలో అమ్మ ఎదురుచూస్తున్నదట.