నాలుగో అంతస్తు బ్రూనో

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక కాగితం చేతులు మారుతూ నా దగ్గరకొచ్చింది. మన బ్లాకులో రాట్‌వైలర్, పిట్‌బుల్ లాంటి కుక్కల్ని పెంచడానికి వీల్లేదని అందులో ఉంది. అప్పటికే పదిహేను సంతకాలున్నాయి. పెన్ను పట్టుకున్నాను గానీ చెయ్యి సాగలేదు. రేపు పెడతానని ఇంటికి తెచ్చేసుకున్నాను.

అది ఎవరి గురించో అందరికీ తెలుసు. నాలుగో అంతస్తు పెద్దావిడ. అరవై ఆరేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. రెండేళ్ల కింద వాళ్లబ్బాయి ముచ్చటపడి రాట్‌వైలర్ పిల్లని తెచ్చి బ్రూనో అని పేరు పెట్టాడు. మా పిల్లలంతా ఎత్తుకోవడానికి పోటీ పడేవాళ్లు. ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది, అబ్బాయికేమో బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. కుక్క అమ్మకి మిగిలింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. ఇప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రోజూ కోడి ముక్కలు ఉడకబెడుతుంది. రెండు పూటలా కిందికి తిప్పడం, బాల్కనీ కడగడం కూడా ఆవిడ పనే.

పోయిన నెల పిల్లిని చూసి బ్రూనో ఒక్క లాగు లాగితే ఆవిడ మెట్ల దగ్గర పడి మణికట్టు విరిగింది. చేతిలో గొలుసు జారిపోయింది. అది నేరుగా కింద ఆడుకుంటున్న పిల్లల మధ్యకి పరుగెత్తింది. ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. కానీ తల్లులందరికీ ప్రాణం పోయి వచ్చింది, నాతో సహా.

"జాతే అంత. అలాంటివి ఊళ్లోకే రానివ్వకూడదు" అన్నారు మావారు.

నాకు మాత్రం లక్నో సంగతి గుర్తొచ్చింది. 2022 జులైలో అక్కడ 82 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మని ఇంట్లో పెంచుకున్న పిట్‌బులే చంపేసింది. కొడుకు జిమ్ ట్రైనర్. ఆ సమయంలో అతను ఇంట్లో లేడు. అప్పుడు అందరూ పిట్‌బుల్ గురించే మాట్లాడారు. ఆ వయసులో ఆవిడ ఒక్కత్తీ దాంతో ఎందుకుండాల్సి వచ్చిందని ఎవరైనా అడిగారో లేదో, నేనైతే వినలేదు. ఆ ఏడాదే ఘజియాబాద్ కార్పొరేషన్ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటినోలని నిషేధించింది. 2024 మార్చిలో కేంద్రం ఏకంగా 23 జాతుల పేర్లు రాసి, అమ్మకాలు ఆపమనీ ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనీ రాష్ట్రాలకి చెప్పింది. సంబంధించినవాళ్లని అడక్కుండా ఇచ్చారంటూ ఏప్రిల్లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి.

జాతిదేమీ లేదని మాత్రం నేననను. నా పదేళ్లప్పుడు తెనాలిలో పక్కింటి పమేరియన్ మోచేతి మీద కరిచింది. అమ్మ పసుపు అద్దింది. (ఇప్పుడెవరూ ఆ పని చెయ్యకండి, సబ్బు రాసి పావుగంట ధార కింద కడిగి ఆస్పత్రికి పరుగెత్తండి.) బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నాను. మచ్చ ఉంది, నేనున్నాను. అదే రాట్‌వైలర్ పళ్లయితే ఈ మాట రాయడానికి ఉండేదాన్నో లేదో. అందుకే ఇలాంటి కుక్కకి లైసెన్సు ఇచ్చేటప్పుడు టీకా కాగితం ఒక్కటి చూస్తే చాలదంటాను. దీన్ని రోజూ ఎవరు పట్టుకుంటారు, వాళ్లని పిలవండి, ఆ గొలుసు వాళ్ల చేతికిచ్చి చూద్దాం అనాలి. కొనే కుర్రాడి కండలు చూసి లాభం లేదు. మా ఇంటర్ వెధవ కూడా ఫోన్లో ఆ వీడియోలు చూపించి "అమ్మా, ప్లీజ్" అంటున్నాడు. వాడు హాస్టల్‌కి వెళ్తే గొలుసు ఎవరి చేతికొస్తుందో నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం నాలుగో అంతస్తుకి వెళ్లాను. కాగితం సంగతి ఆవిడకి ఎలా చెప్పాలా అనుకుంటూ కూర్చున్నాను. కట్టు కట్టిన చేత్తోనే మజ్జిగ తెచ్చిచ్చింది. బ్రూనో ఆవిడ పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది.

"నువ్వూ సంతకం పెట్టెయ్యమ్మా" అంది తనే. "ఆ కాగితం చూపిస్తే గానీ మావాడు వచ్చి తీసుకెళ్లడు. నా అంతట నేను వద్దంటే వాడి మనసు కష్టపడుతుంది."

జాతిని బట్టి కుక్కల్ని వద్దనే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది. ఆ ముక్క ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. వాళ్లబ్బాయి నంబరు తీసుకుని సాయంత్రం నేనే ఫోన్ చేశాను. అమ్మకి మణికట్టు విరిగిందని తెలుసుగానీ, ఎలా విరిగిందో అతనికి తెలీదట. బాత్‌రూమ్‌లో జారానని చెప్పిందట మహాతల్లి.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "శనివారం బయల్దేరతానాంటీ" అన్నాడు.

కాగితం మా ఫ్రిజ్ మీదే ఉంది. ఆదివారం దాకా చూస్తానని అతనితో చెప్పాను.