జేసన్‌కి మాలిక్ ఎవరు?

పాత విమానాలు కూడా మన పాత స్కూటర్ల లాంటివే. చేతులు మారుతుంటాయి. కాగజ్ మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తారు. అయితే జీ-ఏఏఏహెచ్ అనే నంబరున్న జిప్సీ మాత్ ఖిస్సా వేరు.

1928లో ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ చేసిన చిన్న విమానం అది. చెక్క, గుడ్డ, నూరు గుర్రాల ఇంజను. పైన కప్పు లేని రెండు సీట్లు. రెక్కలు మడిచి షెడ్డులో పెట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకీ, షౌకుగా ఎగిరేవాళ్ళకీ చేసిన బండి. మొదట కెప్టెన్ హోప్ అనే పైలట్ చేతిలో ఉండేది.

1930లో దాన్ని ఏమీ జాన్సన్ కొనుక్కుంది. ఖరీదు 600 పౌండ్లు. లండన్‌లో వకీలు ఆఫీసులో టైపు కొట్టిన పిల్ల. అన్ని పైసలు ఎక్కడివి? హల్ ఊళ్ళో చేపల వ్యాపారం చేసే అబ్బా కొంత ఇచ్చాడు. నూనెల కంపెనీ లార్డ్ వేక్‌ఫీల్డ్ కొంత ఇచ్చాడు. అబ్బా దుకాణం మార్కా పేరే విమానానికి పెట్టుకుంది, జేసన్ అని.

మే 5న క్రోయ్‌డన్‌లో లేచింది. ఆరో రోజుకి కరాచీ. పెట్రోలు సరిపోక ఝాన్సీలో సిపాయిల పరేడ్ మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర రెక్క విరిగితే అక్కడివాళ్ళే బాగుచేసి పంపారు. మే 24న డార్విన్‌లో దిగింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరిన మొదటి ఔరత్ ఆమె.

ఇదంతా నాకెందుకంటారా? మా చిన్న బేటీ పైలట్ ట్రైనింగ్ అని జిద్దు పట్టింది. ఖాందానంతా నా మీద పడ్డారు. ‘ఆడపిల్లకి ఆస్మాన్ ఎందుకు భాయ్? ఆ పైసలు నికాకి దాచు’ అన్నాడు మా బావ. మా ఆవిడ ఏమీ అనలేదు. పుట్టింటి బంగారం తీసి, ఒక్కొక్కటీ తూకం అంచనా వేసుకుంది. నా దగ్గరున్నది అబ్బాజాన్ వదిలివెళ్ళిన ప్లాటు ఒక్కటే.

ఆ చేపల వ్యాపారికి ఫికర్ లేదనుకోకండి. ఏ అబ్బాకి ఉండదు? 1941 జనవరిలో సర్కారు ట్రైనింగ్ విమానం ఒకటి చేర్చడానికి వెళ్ళి ఏమీ థేమ్స్ నది ముఖద్వారంలో పడిపోయింది. మయ్యత్ కూడా దొరకలేదు. ఈ సంగతి కూడా బేటీకి చెప్పాను. దాచిపెట్టి ఇచ్చే ఇజాజత్ ఇజాజత్ కాదు. ఆమె విన్నది. ‘ఫారం మీద దస్తఖత్ చెయ్యండి అబ్బా’ అన్నది.

జేసన్ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో వేలాడుతోంది. హోప్ పేరు ఎవరికీ యాదిలేదు. పైకం ఇచ్చినవాళ్ళ పేర్లూ అంతే. అంతా దాన్ని ఏమీ విమానమనే అంటారు. మాలిక్ అంటే కొన్నవాడు కాదేమో. దాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్ళేమో.

ప్లాటు కాగితాల మీద నా పేరుంది. కానీ అది నా దగ్గర అమానత్ మాత్రమే. వచ్చే నెల రిజిస్ట్రేషన్.