నాలుగింటి పార్థన

మాదిగోళ్లు పాలపొడికీ గోధుమపిండికీ మతం పుచ్చుకున్నారంటారు. స్టాఫ్ రూములో నా ఎదుటే అన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు రోజులే, నిజమే. అయితే క్లౌ దొర వాళ్లకి చూపించింది బకింగ్‌హాం కాలవలో మట్టిపని. కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలే ఆపేశాడు. పిండికొచ్చినోళ్లు పిండి అయిపోగానే పోవాల గదా! ఇన్ని తరాల తర్వాత మా అమ్మ తెల్లారుజామున నాలుగింటికి లేచి ఎందుకు మోకాళ్లేస్తది?

అమ్మ బడి మొకం చూళ్లేదు. పెళ్లయ్యాక బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు దిద్దింది. మిరపకాయ కోతలకి పోయేముందు కిరసనాయిలు బుడ్డి ముందు కూచుని వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది. తర్వాత పార్థన. అమ్మ పార్థన బతిమాలుకోవడం కాదు, పంచాయితీ. "తండ్రీ, ఫలానా ఆసామి మూడు రోజుల కూలి ఎగ్గొట్టాడు. నువ్వు చూస్తానే వుండావా?" అని పేరుపెట్టి అడిగేది. ఊళ్లో ఆ పేరు గట్టిగా పలకడానికి లేదు. అక్కడ పలికేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి చర్చి కుండలో పోసేది. మాకు చాలని రోజు కూడా. నాకు కోపమొచ్చేది. రాత్రి అందరం తలా ఒక వాక్యం చదివితేనే కంచం. మా ఇంట్లో తొలి డిగ్రీ నాది. నాకు చదవడం వొచ్చింది ఆ కంచం ముందరే.

బడిలో వేసేటప్పుడు నాన్న "క్రైస్తవం" అని రాయించాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. నేను బి.సి.-సి అయ్యాను. ఎస్సీలకి నూటికి 15, మాకు 1. మంచినీళ్ల కాడ మాత్రం మాదిగదాన్నే. అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. (చర్చిలో కులం లేదని కూడా నేను చెప్పను. మాలల చర్చి, మాదిగల చర్చి వేరుగా ఉన్న ఊళ్లు నాకు తెలుసు.)

డి.ఎస్సీ.కి చదివేటప్పుడు కాయితం మార్పించుకోమన్నారు చుట్టాలు. అమ్మ అంది: "మార్చుకున్నోళ్లని నేనేమనను. పిల్లల బువ్వ సంగతి. నీ ఇష్టమే. నేను మాత్రం రేపు నాలుగింటికి లేచి ఆయన్ని పిలవాల గదే!" మార్చలేదు. రెండోసారి రాస్తే వొచ్చింది ఉద్యోగం.

ఇప్పుడు నేనూ నాలుగింటికే లేస్తాను. ఒక అధ్యాయం, తర్వాత హాజరుపట్టీ వరసలో నా క్లాసు పిల్లల పేర్లు. మూణ్ణాళ్లుగా రాని ఆడపిల్ల పేరు దగ్గర నోరు ఆగిపోద్ది. ఆ సాయంత్రం వాళ్లింటికి పోతాను. ఒక్కోసారి పెళ్లి మాటలు నడుస్తుంటాయి. అమ్మ దగ్గర నేర్చుకున్న పంచాయితీ అక్కడ పనికొస్తది.

ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు రాసేది నేనే. గూడెపోళ్లు వొచ్చి, మతం గడి కాడ నా మొకం చూస్తారు. 15, 1 రెండూ చెప్తాను. వాళ్లు చెప్పిందే రాస్తాను. మొన్నొకామె చాలాసేపు గమ్మున నిలబడింది. "హిందూ మాదిగే రాయి టీచరమ్మా," అంది చివరికి. రాస్తుంటే నా పెన్ను వంకే చూస్తా, "మా పిల్లకి కీర్తనలన్నీ నోటికొచ్చు" అంది.