బ్యాటరీ కోర్టుకెక్కింది!

పాట ఆగిపోయింది. న్యూయార్క్ కుర్రాడు కేసీ నీస్టాట్ ఐపాడ్ కొని ఏడాదిన్నర. బ్యాటరీ చచ్చిపోయింది. అంతే కదా, కొత్తది వేయిస్తే సరిపోతుందనుకున్నాడు. ఆపిల్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాడు. బ్యాటరీ మార్చడానికి 255 డాలర్లు అవుతుందన్నారు, పంపే ఖర్చులు అదనం. ఆ డబ్బు పెట్టేకన్నా కొత్త ఐపాడే కొనుక్కోవచ్చు కదా అని సలహా కూడా ఇచ్చారు!

ఇది 2003 నాటి మాట. అప్పట్లో కొత్త ఐపాడ్ 299 డాలర్ల నుంచి దొరికేది. అంటే సలహాలో లెక్క తప్పేమీ లేదు. ఒళ్లు మండించింది ఆ లెక్కే.

ఇంకొకరైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవారేమో. కేసీ, అతని అన్న వాన్ సినిమాలు తీసే పనిలో ఉన్నారు. ఓ స్టెన్సిల్ కోసుకుని, స్ప్రే రంగు డబ్బా పట్టుకుని మన్‌హట్టన్ వీధుల్లో పడ్డారు. రంగురంగుల గోడల మీద నల్లని నీడలు నాట్యమాడుతున్నట్టుండే ఐపాడ్ పోస్టర్లు గుర్తున్నాయా? కనిపించిన ప్రతి పోస్టర్ మీదా ‘దీని బ్యాటరీ మార్చడానికి వీల్లేదు, 18 నెలలే పనిచేస్తుంది’ అనే అర్థం వచ్చేలా ముద్ర కొట్టుకుంటూ పోయారు. అదంతా వీడియో తీసి, కస్టమర్ కేర్‌తో జరిగిన సంభాషణ జోడించి ‘ఐపాడ్స్ డర్టీ సీక్రెట్’ అని పేరు పెట్టారు. మూడు నిమిషాల సినిమా. యూట్యూబ్ ఇంకా పుట్టని రోజుల్లోనే లక్షల మంది చూశారు.

ఆ నవంబరులోనే ఆపిల్ 99 డాలర్లకు బ్యాటరీ మార్చే పథకం ప్రకటించింది. సినిమా చూసి కాదు, అంతకుముందే అనుకున్నాం అంది. కావచ్చు. కానీ అప్పటికే కస్టమర్ల కోపం కోర్టు మెట్లెక్కే దాకా వచ్చింది. ప్రకటనల్లో చెప్పినన్ని గంటలు బ్యాటరీ రావడం లేదంటూ కాలిఫోర్నియాలో దావాలు పడ్డాయి. ఒకరి తరఫున కాదు, ఐపాడ్ కొన్న అందరి తరఫునా. దాన్నే అక్కడ క్లాస్ యాక్షన్ అంటారు. 2005లో రాజీ కుదిరింది. బ్యాటరీతో ఇబ్బంది పడ్డవారికి 50 డాలర్ల వోచర్ లాంటి పరిహారాలు, మరికొందరికి వారంటీ పొడిగింపు. తప్పు చేశామని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు.

ఇక్కడే అసలు పేచీ. బ్యాటరీ పాడవడం లోపమా, స్వభావమా? చెప్పు అరిగిందని చెప్పుల కంపెనీ మీద కేసు వేయలేం కదా!

సెల్‌ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు, వాడినప్పుడు మరోవైపు ప్రయాణిస్తాయి. ప్రతి ప్రయాణంలోనూ కాస్త లిథియం దారిలో చిక్కుకుపోతుంది. అందుకే కొన్ని వందల ఛార్జింగ్‌లయ్యేసరికి సామర్థ్యం తగ్గుతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా... మే నెలలో కారు అద్దం ముందు ఫోన్ పెట్టేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. పాతబడిన బ్యాటరీకి ఇంకో జబ్బు కూడా ఉంది. లోపలి నిరోధం పెరిగిపోయి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోతుంది. తెరమీద 30 శాతం ఉందని చూపిస్తూనే ఫోన్ ఠక్కున ఆగిపోవడానికి కారణం అదే.

ఈ జబ్బే ఆపిల్‌ని మళ్లీ కోర్టుకి లాగింది. పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోతున్నాయని గోల పుట్టడంతో 2017 జనవరిలో కంపెనీ ఓ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపింది. ఆగిపోవడం తగ్గింది. దాంతోపాటే ఫోన్ వేగమూ తగ్గింది. ఆ రెండో సంగతి ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేదు. ఆ డిసెంబరులో ఓ వినియోగదారుడు బ్యాటరీ మార్పించగానే తన ఫోన్ మళ్లీ పరుగెత్తుతోందని గమనించాడు. ఫోన్ల వేగం కొలిచే గీక్‌బెంచ్ సంస్థకు చెందిన జాన్ పూల్ లెక్కలు తీసి చూపించాడు. రెండు రోజుల్లో ఆపిల్ నిజం ఒప్పుకుంది. మరో వారంలో క్షమాపణ చెప్పి, ప్రపంచవ్యాప్తంగా బ్యాటరీ మార్పు ధర తగ్గించింది. అమెరికాలో 79 డాలర్లది 29 అయింది.

ఫోన్ ఆగిపోకుండా వేగం తగ్గించడం ఇంజినీరు బుర్రకు సబబైన పనే. చెప్పకుండా తగ్గించడమే తగాదా. ‘నా ఫోన్ పాతదైపోయింది’ అనుకుని వేలు పోసి కొత్తది కొన్న మనిషికి, బ్యాటరీ ఒక్కటి మార్చుకుంటే చాలన్న సంగతి తెలియాల్సిన హక్కు లేదా? ఫ్రాన్స్ అధికారులు 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది కూడా సరిగ్గా ఈ ‘చెప్పకపోవడం’ మీదే. 2019 జనవరిలో ఆపిల్ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు రాసిన లేఖలో ఐఫోన్ అమ్మకాలు తగ్గడానికి చూపిన కారణాల్లో చవగ్గా బ్యాటరీలు మార్చుకోవడమూ ఒకటి. ఇంతకుమించిన సాక్ష్యం ఏముంటుంది!

అమెరికా దావా 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించే రాజీతో ముగిసింది. అప్పుడూ తప్పు ఒప్పుకోలేదు. ఐఫోన్ 6, 7 తరహా ఫోన్లు అమెరికాలో వాడినవారే అర్హులు. డాలస్‌లో ఉన్న కొడుక్కి వర్తిస్తుంది, కొడుకు పంపిన అదే మోడల్‌ని విజయవాడలో వాడుకుంటున్న నాన్నకు వర్తించదు. డబ్బు ఖాతాల్లో పడింది 2024 జనవరిలో. తలా దాదాపు 92 డాలర్లు.

మన దగ్గర బ్యాటరీ పేరు చెబితే 2007 ఆగస్టు గుర్తుకొస్తుంది. నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు! మత్సుషిత కంపెనీ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని నోకియా స్వయంగా ప్రకటించింది. అప్పటికి ప్రపంచం మొత్తం మీద ఓ వంద ఘటనలు నమోదయ్యాయి. ఎవరికీ పెద్ద గాయాలు కాలేదు. అయినా సెల్‌ఫోన్ బాంబులా పేలుతుందన్న పుకారు ఊళ్లకు ఊళ్లు పాకింది. ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ తిప్పి, దాని మీది 26 అంకెల నంబరు కళ్లు చికిలించుకుని చదవడమే అప్పుడు పని. నంబరు జాబితాలో ఉంటే కొత్త బ్యాటరీ ఉచితం. 1100 మోడల్ ఉన్న ఇళ్లలో ఆ మూత తీయడానికి గోరు చాలింది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, వకీలు అంతకన్నా అక్కర్లేదు.

ఇప్పటి ఫోన్లకు మూత లేదు. నీళ్లు చొరబడవు, సన్నగా ఉంటాయి అంటారు. నిజమే. మరి బ్యాటరీ పోతే? మన వినియోగదారుల రక్షణ చట్టంలోనూ దారి ఉంది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, ఉంటున్న ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఒకే ఇబ్బంది ఉన్నవారు చాలామంది కలిసి, కమిషన్ అనుమతితో ఒక్క ఫిర్యాదే వేసుకునే వీలూ ఉంది. వెళ్లేముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. బిల్లు ఉండాలి, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్‌షీట్ ఉండాలి. వారంటీ కార్డులో చిన్న అక్షరాలూ చదవాలి. ఫోన్‌కి ఏడాది రాసి, బ్యాటరీకి ఆరు నెలలే రాసేవాళ్లు ఉన్నారు.

యూరప్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2025 జూన్ నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు ఛార్జింగ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి. 2027 ఫిబ్రవరి నుంచి, కొన్ని మినహాయింపులు పోను, చేతిలో పట్టుకునే పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే విప్పి మార్చుకునేలా తయారుచేయాలి. అంటే ఆ మూత మళ్లీ రాబోతోందన్నమాట. ఈసారి గోరు చాలదేమో, చిన్న స్క్రూడ్రైవర్ కావాలి.