గాలితో అద్దే రంగులు

అంగుళం కన్నా కాస్త ఎత్తున్న సైనికుడు. ఒంటిమీద కవచం, నడుముకు పటకా, చేతిలో కత్తి. అన్నిటికీ రంగులేయాలి. అలాంటివాళ్లు ఒకరా ఇద్దరా... అరవైమంది!

బల్లమీద బొమ్మల సైన్యాలను నిలబెట్టి యుద్ధమాడటం ఇంగ్లండ్‌లో ఎప్పటినుంచో ఉన్న సరదా. రచయిత హెచ్‌.జి.వెల్స్‌ 1913లోనే ఆ ఆట నియమాలతో ‘లిటిల్‌ వార్స్‌’ అనే పుస్తకం రాశాడు. 1983లో ‘వార్‌హామర్‌’ ఆటను తెచ్చిన గేమ్స్‌ వర్క్‌షాప్‌ కేంద్ర కార్యాలయం ఉన్నది నాటింగ్‌హామ్‌లో. ఈ బొమ్మలు చాలావరకూ రంగుల్లేకుండా, విడి ముక్కలుగా వస్తాయి. అతికించుకోవడం, అలంకరించుకోవడం కొన్నవాళ్ల పనే.

ఆ ఊళ్లో ఓ గుమాస్తాని ఊహించుకోండి. ఆఫీసు, ఇల్లు, పిల్లలు... అన్నీ అయ్యాక రాత్రి తనకంటూ మిగిలేది ఒక్క గంట. కుంచెతో కూర్చుంటే ఒక బొమ్మ పూర్తయ్యేసరికి వారం గడుస్తుంది. అల్మరాలో రంగులేని సైన్యం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అదిగో, అప్పుడు మనసు ఎయిర్‌బ్రష్‌ మీదికి మళ్లుతుంది.

దాచుకున్న డబ్బంతా చేతిలో మెరిసే ఆ పరికరానికే పెట్టేయాలనిపిస్తుంది. జపాన్‌ ఇవాటా, జర్మనీ హార్డర్‌ అండ్‌ స్టీన్‌బెక్‌... పేర్లు ఊరిస్తాయి. కానీ వెనకనుంచి వచ్చే గాలి నిలకడగా లేకపోతే ఎంత ఖరీదైన బ్రష్షయినా తుంపర్లు చిమ్ముతుంది. అందుకే ముందు చూడాల్సింది కంప్రెసర్‌. దానికి గాలి నిలవ ఉంచే ట్యాంకు, ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటర్‌, గాలిలోని తేమను పట్టే గిన్నె ఉండాలి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే రకమైతే మరీ మంచిది. పక్కగదిలో పిల్లలు నిద్రపోతుంటారు కదా!

ఇక బ్రష్షు. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే ‘డబుల్‌ యాక్షన్‌’ రకం చేతికి అలవాటవడానికి కొంతకాలం పడుతుంది. అయినా మొదటే అది కొనడం మేలు. సూది 0.3 మిల్లీమీటర్లదైతే చాలా పనులకు సరిపోతుంది. 0.2 సన్నటి గీతలకు బాగుంటుంది కానీ ఊరికే మూసుకుపోతుంది. విడి సూదులు, నాజిళ్లు దొరుకుతాయో లేదో కూడా కొనేముందే కనుక్కోవాలి. కొన వంగిన సూదితో ఎవరూ ఏమీ చేయలేరు.

రంగుల్లో కొత్తవాళ్లకు అనువైనవి నీళ్లతో కలిసే ఆక్రిలిక్‌లు. స్పెయిన్‌ కంపెనీ వయెహో తయారుచేసే ‘మోడల్‌ ఎయిర్‌’ లాంటివి ముందే పలచగా ఉంటాయి. మామూలు సీసాల్లోని చిక్కటి రంగునైతే పాలంత పలచన చేసుకోవాలి. ఒత్తిడి 15 నుంచి 25 పీఎస్‌ఐ మధ్య ఉంటే చాలు. ముందు ఒళ్లంతా నల్లరంగు పూసి, ఆనక పైనుంచి మాత్రమే తెలుపు చల్లితే ఎండ పడినట్టు వెలుగునీడలు వాటంతటవే వస్తాయి. పదిమంది సైనికులకు ఒకేసారి వేయొచ్చు.

మరి కుంచె అటకెక్కినట్టేనా? లేదు. కళ్లు, పటకా, కత్తిపిడి దానికే వదిలేయాలి. చివర్లో బ్రష్షును విప్పి కడగడానికీ కొంత సమయం ఉంచుకోవాలి. నాజిల్లో రంగు ఎండిందంటే మర్నాటి గంట అంతా దాన్ని వదిలించడానికే సరి.

నీళ్ల రంగులే కదా అని మాస్కు లేకుండా కూర్చునేవాళ్లున్నారు. పొగమంచులా మారిన రంగు ఏదైనా ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. కాబట్టి సన్నటి రేణువులను ఆపే మాస్కు, రంగుపొగను కిటికీలోంచి బయటికి పంపే ఫ్యాన్‌... ఈ రెండింటి ఖర్చు ముందే పక్కన పెట్టి, మిగిలిన డబ్బుతోనే బ్రష్షు కొనాలి. అది రెండో రకానిదైనా ఫర్వాలేదు.