పరాయి గడ్డి, పేద నేల

అమెరికావారి 'రాంచ్' అనే మాటకు తెలుగులో ఏమనాలి? 'పశువుల దొడ్డి' అంటే చాలదు. 'పచ్చికబయలు' అంటే యజమాని కనిపించడు. 'బీడు' అంటే సేద్యం లేదని మాత్రమే తెలుస్తుంది. స్పానిష్ 'రాంచో' నుంచి వచ్చిన ఈ మాటలో భూమి, మంద, ఇల్లు, హక్కు అన్నీ ఇమిడి ఉన్నాయి. తెలుగు పండితుడిగా బతికినవాడికి సమానార్థకం దొరకకపోతే మనసు నిలవదు. మిత్రులలో ఎవరికైనా మంచి మాట తోస్తే తెలియజేయగలరు.

ఈ మాట మీదికి దృష్టి పోవడానికి కారణం, ఈ వసంతంలో మా మనుమడితో కలిసి చేసిన ఒక నడక. శాన్ హోసే నగరానికి దక్షిణాన శాంటా తెరెసా కొండలున్నాయి. అక్కడ స్టైల్ రాంచ్ బాట అని ఒక చిన్న అనుసంధాన మార్గం. రెండు మైళ్లయినా నిండదు. ఫోర్టీనీ బాటను, మైన్ బాటను కలుపుతుంది. రాళ్లు తేలిన దారి మెలికలు తిరుగుతూ సాగుతుంది. నా మోకాళ్లకు ఆ కొంచెమే కాశీయాత్ర. చుట్టూ గుండ్రని కొండలు. అక్కడ వానలు హేమంత శిశిరాలలో కురుస్తాయి కనుక ఫాల్గుణంలో పచ్చగా ఉన్న కొండలు, మనకు రోహిణి కార్తె వచ్చేనాటికి ఎండి పసుపువన్నెకు తిరుగుతాయి.

ఈ నేల తొలుత ఓలోనీ జాతులవారిది. 1834లో, మెక్సికో ఏలుబడిలో, ఈ కొండల ఉత్తరపు వైపున 9,600 ఎకరాలకు పైగా భూమి 'రాంచో శాంటా తెరెసా' పేరిట బెర్నాల్ కుటుంబానికి దఖలు పడింది. 1848లో కాలిఫోర్నియా అమెరికా చేతికి వచ్చింది. 1851 నాటి చట్టం ప్రకారం పాత హక్కుదారులందరూ తమ పత్రాలను కమిషను ముందు రుజువు చేసుకోవలసి వచ్చింది. ఇనాం భూముల కోసం మన పెద్దలు కచేరీల చుట్టూ తిరగడం వంటిదే అది కూడా. నేడు ఈ కొండలలో చాలా భాగం కౌంటీవారి ఉద్యానవనం.

స్పెయినువారు 1769 నుంచి ఈ రాష్ట్రానికి పశువులను తోలుకొని వచ్చారు. వాటి రాకతో మధ్యధరా ప్రాంతపు గడ్డిగింజలూ వచ్చాయి. నేడు కొండలను కప్పిన అడవి ఓట్ల గడ్డి ఆ విధంగా వచ్చినదే. దాని ధాటికి దేశీయమైన పూలమొక్కలు చాలాచోట్ల తప్పుకొన్నాయి. సర్పెంటైన్ అనే ఆకుపచ్చని రాయి ఉన్నచోట మాత్రం నిలిచాయి. ఆ రాతిమన్నులో కాల్షియం తక్కువ, మెగ్నీషియం, నికెల్ ఎక్కువ. పరాయి గడ్డికి ఆ పేదనేల గిట్టదు. అలవాటుపడిన చిన్నపూలకు అదే ఆశ్రయం.

ఆ మొక్కల మీద బతికే బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుకకు 1987లో ప్రభుత్వ రక్షణ లభించింది. అయితే లోయకు ఆవలి కొండలలో పశువుల మేత ఆపించినచోట అవి పెరగకపోగా తరిగిపోయాయి. స్టువర్ట్ వైస్ అనే శాస్త్రజ్ఞుడు 1999లో కారణం వివరించాడు. కార్ల పొగలోని నత్రజని పేదనేలకు ఎరువై, గడ్డి బలిసి, పూలను కప్పివేసింది. ఆవులున్నంతకాలం ఆ గడ్డిని మేసేవి. పరాయి ఆవే పూలకు కాపలా అయింది!

ఇదంతా తెలుగులోనే చెప్పుకుంటూ నడిచాను. మనుమడు ఆగి, "తాతయ్యా, అయితే కౌ కూడా మనలాగే బయటినుంచి వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా. మన ఒంగోలు పశువులు కూడా ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. నెల్లూరు పేరు మీద అక్కడ వాటిని 'నెలోరె' అంటారు. ఇప్పుడు ఆ దేశంలో ఎక్కడ చూసినా అవే."

"మళ్లీ ఇంటికి రాలేదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఇంటిది పోయి రెండేళ్లయింది. ఒంగోలులో ఇల్లు అమ్మివేసి తన దగ్గరే ఉండిపొమ్మని, గ్రీన్ కార్డుకు కాగితాలు పెడతానని అమ్మాయి అప్పటినుంచీ అంటోంది. ఈ వయసులో పరాయినేల మీద నేనెవరికి అక్కర అన్న సందేహం నన్ను వదలలేదు.

మనుమడికి ఆదివారం గంటసేపు తెలుగు బడి. పద్యం తడుముకోకుండా అప్పజెబుతాడు; ఇల్లు చేరితే ఇంగ్లీషే. ఆనాడు మాత్రం రెండు గంటలసేపు నాతో కలగాపులగపు తెలుగులో మాట్లాడుతూనే ఉన్నాడు. 'కౌ' అన్నప్పుడు నేను దిద్దలేదు. దిగివచ్చేటప్పుడు వాడే 'ఆవు' అన్నాడు. కంచె కట్టి కాపాడితే పూలే నిలవలేదు, భాష నిలుస్తుందా? రోజూ నోట మెదలాలి. మెదిలించే మనిషి పక్కన ఉండాలి.

ఆ రాత్రి అమ్మాయిని కాగితాలు పెట్టమన్నాను. ఇల్లు మాత్రం అమ్మనన్నాను.